పోలీసులకు ఒక రోజు ఇవ్వండి, దాన్ని మరో బందోబస్తు చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. టీచర్లకు సెప్టెంబరు 5, డాక్టర్లకు జులై 1, ఇంజనీర్లకు సెప్టెంబరు 15 ఉన్నట్టే పోలీసులకూ ప్రభుత్వం అధికారికంగా ఒక రోజు ప్రకటించాలన్న మాట ఏటా అక్టోబరు వచ్చేసరికి వినిపిస్తుంది. కోరిక న్యాయమైనదే. కానీ జీవోలో ఏం రాస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. రెండు లైన్లు రాసి ‘ఘనంగా నిర్వహించవలెను’ అని వదిలేస్తే ఆ ఘనత మోయాల్సింది మళ్లీ కానిస్టేబులే. టెంట్లు వేయించేది, కుర్చీలు సర్దించేది, ముఖ్య అతిథి కాన్వాయ్‌కి దారి ఇప్పించేది అతనే. తన సన్మానానికి తానే బందోబస్తు కాసే యోగం ఇంకే ఉద్యోగికీ లేదు.

ముందు ఒక గందరగోళం తీరాలి. అక్టోబరు 21న పోలీసు సంస్మరణ దినం ఉంది కదా, మళ్లీ ఇంకో రోజు ఎందుకు అంటారు చాలామంది. ఆ రోజు పొద్దున్నే ‘పోలీసు సోదరులకు శుభాకాంక్షలు’ అంటూ పూలగుత్తుల బొమ్మలు ఫోన్లలో తిరుగుతాయి. ప్రజాప్రతినిధులు కూడా పంపుతారు. తద్దినం నాడు ఎవరూ శుభాకాంక్షలు చెప్పరు. అక్టోబరు 21 చనిపోయినవాళ్లను తలచుకునే రోజు, అంతే.

అది ఎలా వచ్చిందో తెలిస్తే తేడా అర్థమవుతుంది. 1959 అక్టోబరు 20న లద్దాఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ అనే చోటు నుంచి మూడు పోలీసు గస్తీ బృందాలు ముందుకు వెళ్లాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక పోర్టరు ఉన్న మూడో బృందం రాలేదు. మర్నాడు వాళ్లను వెతకడానికి కరమ్ సింగ్ అనే అధికారి నాయకత్వంలో సుమారు ఇరవై మంది బయల్దేరారు. మధ్యాహ్నం వేళ కొండ మీద నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు, గ్రెనేడ్లు విసిరారు. పదిమంది చనిపోయారు, కొందరు బందీలయ్యారు. చనిపోయినవారి భౌతికకాయాలను చైనా అప్పగించింది నవంబరు 13న, అంటే మూడు వారాల తర్వాత. హాట్ స్ప్రింగ్స్‌లోనే పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల (ఇన్‌స్పెక్టర్ జనరళ్ల) సమావేశం ఏటా అక్టోబరు 21న దేశమంతటా పోలీస్ లైన్స్‌లో సంస్మరణ దినం పాటించాలని నిర్ణయించింది. ఇది పోలీసులు తమవాళ్ల కోసం తాము పెట్టుకున్న రోజన్నమాట.

పరేడ్ తీరు కూడా అలాగే ఉంటుంది. కిందటి సెప్టెంబరు 1 నుంచి ఈ ఆగస్టు 31 వరకు దేశంలో విధి నిర్వహణలో చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ చదువుతారు. ‘శోక్ శస్త్ర్’ కమాండ్ మీద తుపాకులు తలకిందులవుతాయి, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు బాణీ వాయిస్తారు, రెండు నిమిషాల మౌనం, ఆ తర్వాత పుష్పగుచ్ఛాలు. ఢిల్లీ చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న ప్రారంభమైన జాతీయ పోలీసు స్మారకం గోడ మీద అప్పటికే 34,844 పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ వాతావరణంలోకి కేకు కోతలు, ఉత్తమ ఉద్యోగి షీల్డులు, సాంస్కృతిక కార్యక్రమాలు తెచ్చి కలపడం మంచిది కాదు. గత కొన్నేళ్లుగా సంస్మరణ వారం పేరుతో వ్యాసరచన పోటీలు, రక్తదానాలు, సైకిల్ ర్యాలీలు చేరుతున్నాయి. చేసేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ హడావిడిలో ఆ ఏడాది భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ముందు వరసలో ఒక కుర్చీలో కూర్చుని ఉండిపోతుంది, కెమెరాలు ర్యాలీ వైపు తిరుగుతాయి.

బయటి దేశాల్లో కూడా చాలాచోట్ల సంస్మరణ దినాలే ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో సెప్టెంబరు 29, కెనడాలో సెప్టెంబరు చివరి ఆదివారం. శ్రీలంకలో మార్చి 21, అక్కడ 1864లో విధుల్లో చనిపోయిన తొలి కానిస్టేబుల్ వర్ధంతి అది. అమెరికాలో మే 15ను సంస్మరణ దినంగా 1962లో చట్టం చేసి ప్రకటించారు. బతికున్నవాళ్లకు కృతజ్ఞత చెప్పే రోజు జనవరి 9 అక్కడే విడిగా ఉంది. 2015లో పోలీసు కుటుంబాల సంఘాల వంటివి మొదలుపెట్టాయి. దానికి 1962 నాటి చట్టం లాంటి బలం లేదు, ఇళ్ల ముందు నీలం దీపాలు వెలిగించడం దగ్గర ఆగిపోతుంది. అంటే డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం అధికారికంగా ఒక రోజు ఎలా జరపాలో చెప్పే తయారు నమూనా ఈ దేశాల నుంచి మనం తెచ్చుకోలేం, మన స్టేషన్ల పని చూసి మనమే రాసుకోవాలి.

ఎవరు రాయాలన్నది తేలిక ప్రశ్న. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో పోలీసు రెండో అంశం. ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. అసెంబ్లీ తీర్మానం ఉంటే శోభ, లేకపోతే లోటు లేదు. హోం శాఖ జీవో సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ఈ రోజును సెలవు దినంగా ప్రకటించమని ఎవరూ అడగకూడదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద సెలవు ఇచ్చారంటే బ్యాంకులు, ఆఫీసులు మూతపడి జనం రోడ్ల మీదికి, గుళ్లకు, బీచ్‌లకు వస్తారు. పోలీసుకు ఆ రోజు మామూలు రోజు కంటే ఎక్కువ పని పడుతుంది.

రెండోది డబ్బు. ‘దినోత్సవం’ జీవోల్లో సాధారణంగా కనిపించనిది ఖర్చు ఏ పద్దు కింద రాయాలన్న వాక్యం. అది లేకపోతే ఏం జరుగుతుందో స్టేషన్ గడప తొక్కినవాళ్లందరికీ తెలుసు. పైనుంచి ‘ఫోటోలు సాయంత్రానికి గ్రూపులో పెట్టండి’ అని మెసేజ్ వస్తుంది. ఎస్సై బజారులో తెలిసిన షాపు యజమానికి ఫోన్ చేస్తాడు. ఫ్లెక్సీ ఒకరు, షామియానా ఒకరు, పిల్లలకు బిస్కెట్లు ఒకరు. ఆ షాపు ముందు రేపు పార్కింగ్ గొడవ వస్తే ఎస్సై ఏ ముఖంతో చలానా రాస్తాడు? గౌరవ దినం పేరుతో స్టేషన్ నెత్తికి మొహమాటం ఎక్కుతుంది. అందుకే జీవోలో రెండు ముక్కలు స్పష్టంగా ఉండాలి. స్టేషన్‌కు ఇంత అని, పదివేలైనా సరే, ముందే విడుదల చేయాలి. నగదు గానీ వస్తువు గానీ బయటివాళ్ల నుంచి తీసుకోరాదని, తీసుకుంటే శాఖాపరమైన చర్య అని రాయాలి. ఫ్లెక్సీలు పూర్తిగా వద్దు. నాయకుల ఫోటో ఎవరిది పెద్దదన్న తగాదా కూడా అక్కడితో పోతుంది.

తేదీ సంగతి అంత తేలిక కాదు, దాని మీద కాస్త కూర్చోవాలి. పోలీసు క్యాలెండరు, గోడ మీది క్యాలెండరు ఒకటి కావు. సంక్రాంతికి కోడిపందేల దాడులు, ఆ వెంటనే రిపబ్లిక్ డే, మాఘంలో జాతరలు, రెండేళ్లకోసారి మేడారం, శివరాత్రి, తర్వాత ఇంటర్, పదో తరగతి ప్రశ్నపత్రాల కాపలా, శ్రీరామనవమి, వేసవిలో పెళ్లిళ్ల ట్రాఫిక్, హైదరాబాద్‌లో ఆషాఢం బోనాలు, పంద్రాగస్టు, వినాయక నిమజ్జనం, బతుకమ్మ, దసరా, దీపావళి. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వచ్చే మొహర్రం, రంజాన్, బక్రీద్ వీటి మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తగులుతాయి. ఎన్నికలు వస్తే ఈ లెక్కలన్నీ తారుమారు. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది, మర్నాడు పొద్దున్నే సంస్మరణ పరేడ్. రాత్రంతా రోడ్ల మీద ఉన్నవాళ్లే తెల్లారి యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వరసలో నిలబడాలి. అక్టోబరులోనే ఇంకో రోజు పెట్టమనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

వెతగ్గా వెతగ్గా కాస్త ఊపిరాడేది నవంబరు మూడో వారం. పండగలు తగ్గుతాయి, పరీక్షలు ఇంకా రావు. అందులోనూ సోమవారం పనికిరాదు. ఎస్పీ ఆఫీసుల్లో అర్జీల రోజు అది, కార్తీక మాసం నడుస్తుంటే శివాలయాల దగ్గర రద్దీ కూడా అదే రోజు. శనివారం లోక్ అదాలత్ పడవచ్చు. ఆదివారం మీటింగులు, ర్యాలీలు. మిగిలిన రోజుల్లో మంగళ, బుధవారాలు చాలు. కార్తీక పౌర్ణమి ఆ వారంలో వచ్చిన ఏడాది ఒక వారం జరుపుకోవచ్చు. తేదీని అంకెతో బిగించేయడం కంటే ‘నవంబరు మూడో మంగళ, బుధవారాలు’ అని రాస్తే ఈ సర్దుబాటు జీవోలోనే ఇమిడిపోతుంది.

రెండు రోజులు ఎందుకని అడుగుతారు. స్టేషన్‌ను ఒక్క పూట కూడా మూయలేం కాబట్టి. సగం మందికి మంగళవారం, మిగతా సగానికి బుధవారం. అసలు సన్మానం ఇదే అని నా అభిప్రాయం. పూర్తి ఇరవై నాలుగు గంటలు, ఫోన్ మోగని ఆఫ్. శాలువా కప్పించుకున్న కానిస్టేబుల్‌ను ఇంటికెళ్లాక అడిగి చూడండి, శాలువా కావాలా నిద్ర కావాలా అని.

ఇది విన్నంత సులువు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. ప్రకటనకు అందరూ చప్పట్లు కొట్టారు. అమలు దగ్గరకొచ్చేసరికి స్టేషన్‌కో తీరుగా తయారైంది. కారణం అధికారుల మనసు కఠినం కావడం కాదు, లెక్క కుదరకపోవడం. ముప్పై మంది ఉన్న ఒక మామూలు స్టేషన్‌ను ఊహించుకోండి. సెంట్రీకి మూడు షిఫ్టులు, ఒక రిలీవరు కలిపి నలుగురు. స్టేషన్ రైటరు, అతని సహాయకుడు ఇద్దరు. కంప్యూటరు మీద ఎఫ్ఐఆర్‌లు ఎక్కించడానికి ఒకరు, రిసెప్షన్‌లో ఒకరు. కోర్టు డ్యూటీకి ఇద్దరు, సమన్లు, వారంట్లు పట్టుకుని తిరగడానికి ఇద్దరు. పెట్రోలింగ్ బండి మీద రెండు షిఫ్టులకు నలుగురు, డ్రైవర్లు ఇద్దరు, రాత్రి బీట్లకు నలుగురు. ఇక్కడికే ఇరవై రెండు. మిగిలిన ఎనిమిది మందిలో ముగ్గురు సెలవులోనో సిక్‌లోనో ఉంటారు, ముగ్గురు ఏదో ఆఫీసుకు అటాచ్‌మెంట్ మీద వెళ్లి ఉంటారు. దొంగతనం కేసులో పక్క రాష్ట్రానికి పంపాలన్నా, ఊళ్లో కొట్లాట అయితే పికెట్ వేయాలన్నా ఉన్నది ఇద్దరు. ఆ సమయంలో ‘రేపు మంత్రిగారి పర్యటన, మీ స్టేషన్ నుంచి ఆరుగురు’ అని వైర్‌లెస్ సెట్‌లో వస్తుంది. మిగతా నలుగురు ఎక్కణ్నుంచి వస్తారు? ఆఫ్‌లో ఉన్నవాడి దగ్గర్నుంచి, రాత్రి బీటు చేసి అప్పుడే పడుకున్నవాడి దగ్గర్నుంచి.

దేశంలో చాలా రాష్ట్రాల పోలీసు చట్టాలకు మూసపోసిన 1861 చట్టంలోని 22వ సెక్షన్, పోలీసు అధికారి ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే భావించాలంటుంది. రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నా ఆ ఆలోచన పోలేదు. ఆఫ్ అనేది హక్కు కాదు, పైవాడి దయ అన్నట్టే నడుస్తుంది. కాబట్టి ఈ రెండు రోజుల ఆఫ్‌ను నోటిమాట మీద వదలకూడదు. డ్యూటీ రోస్టరులో పేరుతో సహా ‘ఆఫ్’ అని వారం ముందే రాయాలి, జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ రాసే పుస్తకంలో) ఎక్కించాలి. వెనక్కి పిలవాల్సి వస్తే ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడైన అధికారి) ఫోన్ చేసి పిలిస్తే కుదరదు, కారణం చూపిస్తూ ఎస్పీ లేదా డీసీపీ రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అలా పిలిచినవారికి పదిహేను రోజుల్లోగా మరో రోజు ఇవ్వాలి. ‘తర్వాత చూద్దాంలే’ అన్న ఆఫ్ ఎప్పటికీ రాదని ఈ శాఖలో పనిచేసిన ఎవరైనా చెబుతారు.

ఖాళీని పూడ్చేదెలా? అటాచ్‌మెంట్ల మీద ఆఫీసుల్లో, క్యాంపుల్లో ఉన్న కానిస్టేబుళ్లందరినీ ఆ రెండు రోజులకు సొంత స్టేషన్లకు పంపాలి. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), స్పెషల్ పోలీస్ బెటాలియన్ల నుంచి సెంట్రీలకు, పికెట్లకు మనుషుల్ని ఇవ్వాలి, వాళ్ల ఆఫ్ వచ్చే వారం. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లను తేవాలన్న సలహా వస్తుంది, అది వద్దు. స్టేషన్ పని తెలియని పిల్లల్ని రాత్రి బీటుకు పంపితే వాళ్లకీ ప్రమాదం, ఊరికీ ప్రమాదం. వీటన్నిటికంటే ఎక్కువ మందిని మిగిల్చేది ఇంకొకటుంది. ఆ మంగళ, బుధవారాల్లో ముఖ్యమంత్రి, మంత్రులు జిల్లా పర్యటనలు, శంకుస్థాపనలు పెట్టుకోకపోవడం. దీనికి పైసా ఖర్చు లేదు. ప్రోటోకాల్ విభాగానికి ఒక మెమో చాలు. అన్ని పార్టీలూ ఆ రెండు రోజులు సభలు, ధర్నాలు మానుకుంటామని ముందే ప్రకటిస్తే పోలీసుల మీద ఉన్న అభిమానం ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆఫీసు వైపు. ఏటా ఒక రోజంటూ ఏర్పడ్డాక దాన్ని ఏ పనికి వాడుకోవాలని నన్నడిగితే సర్వీస్ రిజిస్టర్, అంటే ఉద్యోగి వివరాలన్నీ రాసుండే పుస్తకం, తెరవడానికి అంటాను. వినడానికి చప్పగా ఉంటుంది. డ్యూటీలో ఒక కానిస్టేబుల్ చనిపోయాక అతని భార్య తిరిగే ఆఫీసులు చూసినవాళ్లకు చప్పగా అనిపించదు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్, వీటితో ఎక్స్‌గ్రేషియా, ప్రభుత్వ జీవిత బీమా, గ్రూప్ ఇన్సూరెన్స్, పీఎఫ్ లేదా సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్), సరెండర్ లీవు (వాడని సెలవుకు బదులు ఇచ్చే డబ్బు) బకాయి, కారుణ్య నియామకం, ఒక్కొక్కటీ ఒక్కో దరఖాస్తు. ఇవి నెలల తరబడి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు దుర్మార్గం కాదు, పేర్లు కలవకపోవడం. సర్వీస్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం పొట్టిగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే మిగిలిపోతుంది. పిల్లాడి పేరు బడిలో ఒకటి, రిజిస్టర్‌లో ముద్దుపేరు. అన్నిటికంటే పెద్ద తంటా నామినీ. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినప్పుడు తల్లి పేరు రాస్తారు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఫారం మాత్రం ఎవరూ మార్చరు. మనిషి పోయాక అత్తాకోడళ్లు రెండు పక్కలా నిలబడతారు, ఆఫీసువాళ్లు కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటారు, డబ్బు అక్కడ ఆగిపోతుంది.

దీనికి మందు చిన్నదే. కానిస్టేబుళ్ల సర్వీస్ రిజిస్టర్లు స్టేషన్లో ఉండవు, జిల్లా పోలీసు కార్యాలయంలో ఉంటాయి. అందుకే ఎవరూ తమది చూసుకోరు. ఏటా ఆ వారంలో సబ్‌డివిజన్‌కు ఒక గుమాస్తాను రిజిస్టర్లతో సహా పంపాలి. ఒక్కో ఉద్యోగికి పది నిమిషాలు పడుతుంది. పేరు, పుట్టిన తేదీ, భార్య లేదా భర్త పేరు, పిల్లల పేర్లు, ఒక్కో పథకంలో నామినీ, సెలవుల ఖాతా, ఇంక్రిమెంట్లు ఎక్కాయో లేదో చూపించి సంతకం తీసుకోవాలి. తప్పుంటే అక్కడే దిద్దుబాటు దరఖాస్తు రాయించుకోవాలి. ఒక గుమాస్తా రోజుకు నలభై మందివి చూడగలడు. నూటయాభై మంది ఉన్న సబ్‌డివిజన్‌కు నాలుగు రోజులు. భార్యాభర్తలిద్దరినీ రమ్మంటే ఇంకా మంచిది. భర్తకు ఏ బీమా ఎంత ఉందో తెలియని ఇళ్లు ఎన్నో. అదే వరసలో పెండింగ్‌లో ఉన్న టీఏ బిల్లులు, సరెండర్ లీవు బకాయిలు ఎవరికి ఎంత రావాలో జాబితా తీసి నోటీసు బోర్డు మీద అంటించాలి. డబ్బు వెంటనే ఇవ్వలేకపోయినా లెక్క ఒప్పుకున్నట్టవుతుంది. పతకాలకు ఇప్పటికే ఉగాది, రాష్ట్రావతరణ, పంద్రాగస్టు, రిపబ్లిక్ డే ఉన్నాయి. ఆ జాబితాల్లోకి ఎప్పటికీ రాని వేలమందికి ఈ పని జరిగితే చాలు.

ఈ రోజు ఎవరిది అన్నది కూడా జీవోలోనే తేలాలి. ‘పోలీసు’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే హోంగార్డు బయట మిగిలిపోతాడు. ట్రాఫిక్ కూడలిలో ఎండలో నిలబడేది చాలాచోట్ల అతనే, రోజువారీ భత్యం మీద బతికేదీ అతనే. హోంగార్డుకు ఆ రోజు ఆఫ్ అంటే భత్యం కోత పడకూడదని విడిగా రాయాలి, లేకపోతే మన సన్మానం అతనికి జరిమానా అవుతుంది. అటవీ, ఎక్సైజ్, జైళ్ల సిబ్బంది సంగతి వేరు. అటవీ సిబ్బందికి సెప్టెంబరు 11న జాతీయ అటవీ అమరవీరుల దినం 2013 నుంచి ఉంది, అగ్నిమాపక సిబ్బందికి ఏప్రిల్ 14 ఉంది. అయినా చట్టం అమలుచేసే పనిలో దెబ్బలు తినేది అందరూ. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక ఫారెస్టు రేంజి అధికారి డ్యూటీలోనే హత్యకు గురయ్యారు. సర్వీస్ రిజిస్టర్ల తనిఖీ వరకైనా ఈ శాఖలను కలుపుకోవచ్చు.

దీన్ని ఆనుకునే ఇంకో ముడి ఉంది. తూటాకు బలైనవాళ్ల విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. నిమజ్జనం బందోబస్తులో పద్దెనిమిది గంటలు నిలబడి ఇంటికెళ్లాక గుండెపోటుతో పోయినవాడి సంగతేమిటి? డ్యూటీలో మరణమా కాదా అన్న వాదన అక్కడ మొదలై కుటుంబాన్ని తిప్పుతుంది. అమెరికాలో 2003లో దీనికి చట్టం చేశారు. శ్రమతో కూడిన విధి తర్వాత 24 గంటల్లోగా గుండెపోటు లేదా పక్షవాతంతో చనిపోతే, కాదని రుజువైతే తప్ప, విధి నిర్వహణలో మరణంగానే తీసుకుంటారు. రుజువు భారం కుటుంబం నెత్తి మీద నుంచి శాఖ నెత్తి మీదికి మారింది. మన రెండు రాష్ట్రాలూ ఈ గౌరవ దినం జీవోతో పాటే ఇలాంటి ఒక నిబంధన తెస్తే మంచిది. డ్యూటీ ఎన్ని గంటలు చేశాడో చెప్పే పాస్‌పోర్టు (డ్యూటీకి పంపేటప్పుడు ఇచ్చే చీటీ), రోస్టరు, జనరల్ డైరీ నమోదులు చనిపోయిన రోజే సీలు చేసి ఎస్పీకి పంపాలన్న షరతు కూడా ఉండాలి. తర్వాత రాసిన డైరీల విలువ ఎంతో కోర్టులకు తెలుసు.

ప్రజల వైపు కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇప్పుడు ఓపెన్ హౌస్ అంటే పిల్లలకు తుపాకులు చూపించడం, డాగ్ స్క్వాడ్ విన్యాసం. పిల్లలకు సరదా, నిజమే. కానీ ఎస్ఎల్ఆర్ తుపాకి బరువెంతో తెలిసినంత మాత్రాన పెద్దయ్యాక స్టేషన్‌కు రావడానికి భయం పోదు. బదులు ఒక ఫిర్యాదు ఎలా రాయాలో కూర్చోబెట్టి రాయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఈ మూడు ముక్కలు ఇంటర్ చదివే పిల్లలకు తెలిస్తే వాళ్ల ఇంట్లో అందరికీ తెలిసినట్టే. ఎలాగూ సగం మంది ఆఫ్‌లో ఉంటారు కాబట్టి దీనికి ఒక్క గంట, ఒక్క ఏఎస్సై చాలు. వెయ్యిమంది విద్యార్థులతో ర్యాలీ పెట్టారంటే ట్రాఫిక్ ఆపడానికి మళ్లీ పోలీసులే కావాలి.

కస్టడీ మరణాలు, లంచాలు, ఫిర్యాదు తీసుకోని స్టేషన్లు ఉండగా ఈ శాఖకు గౌరవ దినం ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. దానికి జవాబు కూడా అదే వారంలో ఇవ్వచ్చు. స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు వీలైతే 18 నెలలు, కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. జిల్లాలో ఎన్ని కెమెరాలు పెట్టారు, ఆ రోజుకు ఎన్ని పనిచేస్తున్నాయి, రికార్డింగు ఎన్ని నెలలది ఉంది అన్న మూడు అంకెలు ఎస్పీ ఆ వారం పత్రికలకు ఇవ్వాలి. నిజాయతీగా పనిచేసే కానిస్టేబుల్‌కు ఆ కెమెరా రక్ష. అబద్ధపు ఆరోపణ వచ్చినప్పుడు అతన్ని కాపాడేది అదొక్కటే. 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణల మీద ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో దర్యాప్తు, శాంతిభద్రతల విభాగాలను వేరుచేయాలన్నది ఒకటి. అది సరిగ్గా జరిగి ఉంటే పైన చెప్పిన ముప్పై మంది లెక్కలో దర్యాప్తు చేసేవాణ్ని తీసుకెళ్లి మంత్రి పర్యటనలో తాడు పట్టించే పరిస్థితి సగం తగ్గేది.

మొదటి ఏడాదే రాష్ట్రమంతా మొదలుపెడితే ఏదో ఒక జిల్లాలో పెద్ద సంఘటన జరిగి మొత్తం ఆలోచనకే చెడ్డపేరు రావచ్చు. ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లాలు, ఒక కమిషనరేట్ ఎంచుకుని చేసి చూడాలి. తేదీలు ఏడాది మొదట్లోనే ప్రకటించాలి, పెళ్లి ముహూర్తాలు పెట్టుకునే పోలీసు కుటుంబాలకు కూడా పనికొస్తుంది. అయిపోయిన వారంలోగా డీజీపీ కార్యాలయం మూడు సంఖ్యలు బయటపెట్టాలి. పూర్తి ఆఫ్ ఎంతమందికి దొరికింది, ఎంతమందిని వెనక్కి పిలిచారు, సర్వీస్ రిజిస్టర్లలో ఎన్ని తప్పులు బయటపడ్డాయి. వెనక్కి పిలిచినవాళ్లు పదిమందిలో ఒకరు దాటిన జిల్లా ఎస్పీ కారణం రాసిచ్చాకే ఆ జిల్లాలో రెండో ఏడాది తేదీ ఖరారు చేయాలి.

ఇట్లు,
పోలీసు శాఖ పరిపాలన విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు